ఖాళీ ఒంటికే విషం ఎక్కువ

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృత్యర్థం రంపచోడవరంలో చేసిన ఉపన్యాసం)



పండ్లు తింటే విషలోహాల నుంచి ఒంటికి రక్షణ దొరుకుతుందా? నన్ను మాట్లాడమన్న విషయం ఇది. ఒక్క ముక్కలో చెప్పమంటే, కొంత దొరుకుతుంది. ఆ కొంత ఎంత, ఎవరికి, ఏ దారిన అన్నదే ఈ పూట చెప్పుకోవాల్సింది. 'కొంత' అంటే సరుకు అమ్ముడుపోదు. అందుకే ఫోన్లో వచ్చే వీడియోల్లో, సీసాల మీది చీటీల్లో ఆ మాట ఎగిరిపోయి 'మొత్తం కడిగేస్తుంది' అనే మాట వచ్చి కూర్చుంది. సుబ్బారావు గారి పేరున జరిగే సభలో ఆ రకం మాటలకు చోటు ఇవ్వకూడదు.

ఆయన మనకు పరాయివారు కారు. 1895లో భీమవరంలో పుట్టి, ఈ కొండలు దిగితే వచ్చే రాజమండ్రిలో చదువుకున్నారు. తోబుట్టువులు స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టకుండా మనిషి చిక్కి శల్యమైపోయే జబ్బు అది. ఆయనకూ ఆ జబ్బే వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. 1940లలో అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు మందుల్లో అదీ ఒకటయింది. ఈవేళ ఈ సభలో ఉన్న ఆశా అక్కచెల్లెళ్ళు గర్భిణులకు పంచే ఎర్రమాత్రలో ఇనుముతో పాటు ఉండేది అదే. 1948లో ఆయన కన్నుమూశారు. ఫోలిక్ యాసిడ్ సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ముందు లోహాల సంగతి. తెలుగునాట సీసం అనే మాట అందరి నోళ్ళలో నానింది 2020 డిసెంబరులో. ఏలూరులో ఉన్నట్టుండి జనం మూర్ఛ వచ్చి పడిపోవడం మొదలైంది. కొద్దిరోజుల్లో 600 మందికి పైగా ఆసుపత్రికి చేరారు. ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన రక్తం నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయన్నారు. ఆ తర్వాత నిపుణుల వేలు పురుగుమందుల అవశేషాల వైపు తిరిగింది. ఆ రెండింటి మధ్య ఊరంతా ఒకటే ప్రశ్న: ఏం తినాలి, ఏం తినకూడదు? జవాబు చెప్పేవాళ్ళకు మాత్రం కొదవ లేకపోయింది.

ఏలూరులో జరిగింది ఒక్కసారిగా విరుచుకుపడ్డ ఉపద్రవం. సీసం మామూలుగా అలా రాదు. చడీచప్పుడు లేకుండా, ఏళ్ళ తరబడి, చిటికెడు చిటికెడు చొప్పున చేరుతుంది. రక్తంలో నెల పైచిలుకు తిరిగి, మిగిలింది ఎముకలో దాక్కుంటుంది. ఎముకలో పదీ ఇరవై ఏళ్ళు నిలుస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు బిడ్డకోసం తల్లి ఎముకలోంచి కాల్షియం కరుగుతుంది కదా, దాంతోపాటు ఆ పాత సీసమూ బయటికి వస్తుంది. తల్లి చిన్నప్పుడు తిన్న విషం బిడ్డకు చేరుతుందన్నమాట. పిల్లల మెదడుకు ఇంత వరకూ ఫరవాలేదు అనదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి వేసిన లెక్కలో ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంది. మన దేశంలో 2000లో సీసం కలిపిన పెట్రోలు ఆపేశారు. అది మంచిపనే. మిగతా దారులు మూసుకోలేదు.

మన్యంలో ఫ్యాక్టరీలు లేవు కదా, మనకెందుకు అంటారేమో. వలకు కట్టే సీసపు గుండ్లు పొయ్యి మీద కరగబోసేది ఇంటి పెరట్లోనే. నాటు తుపాకీ రవ్వలు సీసమే. పాత బ్యాటరీ పగలగొడితే వచ్చేదీ సీసమే. మెరుపు కోసం సీసపు రంగు కలిపిన పసుపు, సీసం కలిసిన కుంకుమ, గోడ రంగులు, బొమ్మల రంగులు ఎక్కడో తయారై సంతకు నడిచొస్తాయి. పనికోసం కొండ దిగిపోయిన పిల్లవాడు ఏ బ్యాటరీల షెడ్డులో పనికి కుదిరాడో ఇంట్లోవాళ్ళకు తెలియదు. వాడి చొక్కా మీది దుమ్ము పండక్కి వాడితోపాటే ఇంటికొస్తుంది.

ఇక ఈ ఉపన్యాసానికి ఆయువుపట్టు లాంటి విషయం. ఒకే నీళ్ళు తాగి, ఒకే దుమ్ములో ఆడిన ఇద్దరు పిల్లల్లో ఒకడి రక్తంలో సీసం ఎక్కువగా ఉంటుంది, ఒకడిలో తక్కువగా ఉంటుంది. ఎందుకు? పేగు గోడల్లో ఇనుమును లోపలికి చేరవేసే ఒక ప్రోటీన్ ఉంటుంది. డీఎంటీ-1 అంటారు. ఒంట్లో ఇనుము తగ్గితే, దొరికిన కాస్త ఇనుమునూ వదలకూడదని పేగు ఆ ప్రోటీన్‌ను మరింతగా పుట్టిస్తుంది. చిక్కేమిటంటే అది మనిషిని చూసి ఎక్కించుకునే రకం కాదు. కాడ్మియం అనే మరో విషలోహం దాని మీదే ఎక్కి వస్తుంది. సీసమూ కొంతమేరకు అలాగే వస్తుంది. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి వచ్చే బస్సు తెలుసుగా, సీట్లు నిండి ఉంటే దారిలో చెయ్యెత్తినవాడు నిలబడాల్సిందే, ఖాళీగా ఉంటే ఎవడైనా ఎక్కి కూర్చుంటాడు. ఇనుముతో నిండిన ఒంట్లో సీసానికి సీటు దొరకడం కష్టం. కాల్షియం విషయమూ అంతే.

ఇంకో సంగతి. పరగడుపున కడుపులోకి పోయిన సీసంలో సగానికి పైగా పెద్దవాళ్ళకు కూడా రక్తంలోకి చేరుతుంది. అదే అన్నంతో కలిసి పోతే పదో వంతుకు అటూఇటూ ఉంటుంది. చిన్నపిల్లలు తిండి తిన్నా సగం దాకా పీల్చుకుంటారు. అంటే పొద్దున ఏమీ తినకుండా మట్టిలో ఆడే పిల్లవాడికి రెండు విధాలా నష్టమే.

మన దగ్గర ఇనుము లోటు ఎంతుందో రక్తహీనత లెక్కలు చూస్తే అర్థమవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో 63.2 శాతానికి, 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తహీనత. ఇది రాష్ట్రం మొత్తం లెక్క. ఇక్కడి ఆరోగ్య కేంద్రంలో రోజూ వేళ్ళు గుచ్చి హిమోగ్లోబిన్ చూసేవాళ్ళు మీలో ఉన్నారు. ఏజెన్సీ లెక్క ఎటు మొగ్గుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఖాళీ ఒంటి మీద లోహం ఎంత క్రూరంగా విరుచుకుపడుతుందో తెలియాలంటే జపాన్ వెళ్ళాలి. తొయామా ప్రాంతంలో జింజు నది పైన గనులుండేవి. గని మురుగులోని కాడ్మియం నదిలో కలిసి, నదినీళ్ళతో వరిచేలలోకి, చేలలోంచి బియ్యంలోకి చేరింది. ఆ బియ్యం ఊరంతా తిన్నారు. మంచం పట్టినవాళ్ళలో మాత్రం అత్యధికులు నలభై, యాభై దాటిన ఆడవాళ్ళు. బహు సంతానం కని, చాలీచాలని తిండితో ఇనుము, కాల్షియం కరిగిపోయినవాళ్ళు. ఎముకలు పెళుసెక్కి, దగ్గితే పక్కటెముక విరిగేది. 'ఇటాయి-ఇటాయి', అంటే 'అబ్బా, అబ్బా' అని వాళ్ళు మూలిగిన మూలుగే జబ్బుకు పేరైంది. 1968లో జపాన్ ప్రభుత్వం కారణాన్ని ఒప్పుకుంది. ఒకే ఊరు, ఒకే బియ్యం. ఆ కథలో నాకు భయం కలిగించేది అదే.

ఇప్పుడు పండు దగ్గరికి వద్దాం. పండు చేసే మొదటి మేలు సీసాన్ని పట్టి లాగెయ్యడం కాదు, ఆ ఖాళీని నింపడంలో చెయ్యి వెయ్యడం. అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టడం కష్టం. పక్కన సి విటమిన్ ఉంటే బాగా పడుతుంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2013లో ప్రచురించిన పరిశోధనలో కౌమార వయసు పిల్లలకు మామూలు అన్నం భోజనంతో పాటు 100 గ్రాముల జామపండు పెట్టి చూశారు. ఒంట పట్టిన ఇనుము దాదాపు రెట్టింపయింది. జామపండేమీ హిమాలయాల నుంచి రాలేదు. ఇక్కడ 'భోజనంతో పాటు' అన్న మాటను గట్టిగా పట్టుకోండి. సాయంత్రం నాలుగింటికి విడిగా తిన్న పండు మధ్యాహ్నపు అన్నంలోని ఇనుముకు సాయం చెయ్యలేదు. అన్నం తిన్న వెంటనే గుక్కెడు టీ తాగితే అసలుకే మోసం, టీలోని వగరు ఇనుమును కట్టిపడేస్తుంది.

సి విటమిన్ నేరుగా సీసాన్ని తగ్గిస్తుందా? 1999లో అమెరికాలో 19,578 మంది లెక్కలు చూసినప్పుడు రక్తంలో సి విటమిన్ ఎక్కువగా ఉన్నవాళ్ళలో సీసం తక్కువగా కనిపించింది. అదే ఏడు వచ్చిన మరో పరిశోధనలో పొగతాగే 75 మంది యువకులను తీసుకున్నారు. రోజుకు 1000 మిల్లీగ్రాముల సి విటమిన్ మాత్ర ఇచ్చిన గుంపులో వారం తిరిగేసరికి రక్తంలో సీసం 81 శాతం పడిపోయింది. వీడియోల వాళ్ళు ఇక్కడితో ఆపేస్తారు. అదే పరిశోధనలో 200 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్ళలో మార్పేమీ రాలేదు. ఆ ముక్క ఎవరూ చెప్పరు. పైగా మొదటి లెక్కలో ఇంకో మడతపేచీ ఉంది. పండ్లు కొనుక్కోగలిగినవాళ్ళు రంగు పెచ్చులూడే పాత కొంపల్లో ఉండరు. తగ్గినదాంట్లో పండు వాటా ఎంత, డబ్బు వాటా ఎంత?

1000 మిల్లీగ్రాములంటే ఎంత పండు? జాతీయ పోషకాహార సంస్థలో గోపాలన్ గారి బృందం వేసిన పాత ఆహార పోషకాల పట్టికలో 100 గ్రాముల ఉసిరికి 600 మిల్లీగ్రాములని ఉండేది. 2017లో పోషకాహార సంస్థే వేసిన కొత్త పట్టిక దాన్ని 252కు దించింది. ఆ లెక్కన రోజుకు నాలుగు వందల గ్రాముల ఉసిరికాయలు నమలాలి. పళ్ళు పులిసి ఊరుకుంటాయి. ఇనుము పట్టడానికైతే అంత అక్కర్లేదు, అన్నంలో ఒక కాయ చాలు. ఉసిరి ఘనత అక్కడుంది. జామకు రెండు పట్టికలూ 200 పైనే ఇచ్చాయి.

చింతపండు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అది మన్యం సొత్తు, పరిశోధన కూడా మనదే. ఫ్లోరైడ్ లోహం కాదు, అయినా తెలుగువాళ్ళ ఎముకల్ని లోహాలకన్నా ఎక్కువగా తిన్నది అదే. 1937లో నాటి నెల్లూరు జిల్లా పొదిలి ప్రాంతం నుంచి దాని గురించి మన దేశంలో తొలి వైద్య నివేదిక వచ్చింది. తర్వాత నల్గొండ గోస దేశమంతా విన్నది. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో ప్రచురించిన పరిశోధనలో బాలురకు రోజూ 10 గ్రాముల చింతపండు, 18 రోజులు పెట్టారు. మూత్రంలో పోయే ఫ్లోరైడ్ రోజుకు 3.5 మిల్లీగ్రాముల నుంచి 4.8కి పెరిగింది. 10 గ్రాములంటే మనిషికి ఒక పూట చారు, పులుసులో పడే పాటి. మందు మోతాదు కాదు, వంటింటి మోతాదు. అందుకే నాకు ఆ పరిశోధన అంటే గౌరవం. దాన్ని చూపి చింతపండు తింటే ఫ్లోరోసిస్ నయమవుతుందంటే మాత్రం ఒప్పుకోను. వంగిన ఎముక తిన్నగా కాదు. నీళ్ళు మార్చడమే అసలు వైద్యం, చింతపండు దానికి తోడు.

పండులో ఇంకో సరుకుంది, పెక్టిన్. జామను ఉడికిస్తే జెల్లీలా గడ్డకట్టేది దానివల్లే. నారింజ తొక్క కింది తెల్లటి పొరలోనూ అదే. పేగులో తిరిగే సీసాన్ని, కాడ్మియాన్ని అది కొంత పట్టుకుని మలంతో పంపించేస్తుంది. సోవియట్ రోజుల నుంచి రష్యాలో సీసంతో పనిచేసే కార్మికులకు యాజమాన్యం 2 గ్రాముల పెక్టిన్, లేదా దానికి సరిపడా గుజ్జుతో కూడిన పండ్లరసం ఇవ్వాలన్న నియమం ఉంది. గుజ్జు వడకట్టి పారేసిన రసానికి ఆ గుణం ఉండదు. అయినా ఆ నియమంలో నాకు ఒకటి నచ్చదు. షెడ్డులో పొగగొట్టం బాగుచెయ్యని యజమాని కూడా రసం గ్లాసు చేతికిచ్చి చేతులు దులుపుకోవచ్చు. పెక్టిన్ పట్టేది పేగులో ఉన్నదాన్ని మాత్రమే. ఊపిరితో లోపలికి పోయిందాన్ని, ఎముకలో కూర్చున్నదాన్ని అది ముట్టుకోలేదు.

గుర్తుంచుకోమన్న ఫోలిక్ యాసిడ్ దగ్గరికి వద్దాం. బంగ్లాదేశ్‌లో కోట్లాది మంది గొట్టపుబావుల నీళ్ళలో ఆర్సెనిక్ తాగారు. మన పెద్దలు పాషాణం అన్నది దీన్నే. కాలేయం దాని రూపు మార్చి మూత్రంలోకి తోసెయ్యాలి, ఆ పనికి ఫోలేట్ కావాలి. కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి మేరీ గ్యాంబుల్ బృందం అక్కడ ఫోలేట్ లోపం ఉన్నవాళ్ళకు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ 12 వారాలు ఇస్తే రక్తంలో ఆర్సెనిక్ సుమారు 14 శాతం తగ్గింది. 2007లో అచ్చయిన పరిశోధన ఇది. తన మందు పాషాణానికీ ఒక విరుగుడవుతుందని సుబ్బారావు గారు ఊహించి ఉండరు. ఫోలేట్ పండ్లలో కన్నా తోటకూరలో, కందుల్లో, బొబ్బర్లలో ఎక్కువ. పండు మీద ఉపన్యాసం కదా అని ఆ నిజం దాచలేను.

పండు పులుపు చేసే కీడు కూడా ఉంది. పులుపు లోహాన్ని కరిగిస్తుంది. అందుకే మన ఇళ్ళల్లో పులుసు రాచ్చిప్పలో కాచేవాళ్ళు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో మజ్జిగ పోస్తే పెద్దావిడ కేకలేసేది. ఇప్పుడు రాచ్చిప్పలు పోయి సంతలో తూకానికమ్మే పల్చటి అల్యూమినియం గిన్నెలొచ్చాయి. కామెరూన్‌లో తుక్కు కరిగించి పోతపోసిన అల్యూమినియం గిన్నెల్ని పుల్లటి ద్రవంతో కాచి చూస్తే సీసం దిగింది. పుల్లటి పండ్లలోని సిట్రేటు అల్యూమినియం ఒంటికి ఎక్కువగా పట్టేలా కూడా చేస్తుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. రక్షణకని చింతపండు పులుసు కాచి, ఆ గిన్నెలోంచే విషం దింపుకోవడం కన్నా తెలివితక్కువ పని లేదు. మట్టి కుండ గానీ స్టీలు గిన్నె గానీ వాడండి.

ఇంతకూ మన్యంలో పండు లేదా? 1940లలో ఈ బైసన్ కొండల రెడ్ల మధ్య ఉండి పుస్తకం రాసిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, వాళ్ళు ఏడాదిలో చాలా నెలలు అడవి దుంపల మీద, పండ్ల మీద, జీలుగు పిండి మీద ఎలా గడిపేవారో చెప్పాడు. ఆ రోజులు బంగారమని నేననను, ఆకలి రోజులవి. కానీ నేరేడు, మొర్రి, తునికి, వెలగ, పనస, ఉసిరి వేళకు కడుపులో పడేవి. ఇప్పుడు ఉసిరి, చింతపండు గిరిజన సహకార సంస్థ కాటా మీదికి పోతాయి, లేదంటే షావుకారు సంచీలోకి. ఇంటికి వచ్చేది కోటా బియ్యం.

జీడిమామిడి తోటలోకి ఏప్రిల్‌లో వెళ్ళి చూడండి. చెట్టు కింద ఎర్రవీ పసుపువీ పండ్లు రాలి పరుచుకుని ఉంటాయి. ఆడవాళ్ళు వంగి ఒక్కో పండూ తీసి, మెలిపెట్టి పిక్క ఊడదీసి బుట్టలో వేసుకుంటారు, పండు మళ్ళీ అక్కడే పడేస్తారు. మధ్యాహ్నానికి అది పులిసి ఈగలు ముసురుతాయి. పిక్క బరువుకు ఆరేడు రెట్లుండే ఆ పండులో పాత పట్టిక ప్రకారం 100 గ్రాములకు 180 మిల్లీగ్రాముల సి విటమిన్, కమలాపండుకు నాలుగైదు రెట్లు. గొంతు పట్టేస్తుందని పెద్దవాళ్ళు ముట్టరు. పిల్లలు మాత్రం ముక్కలకు ఉప్పు రాసి నమిలేస్తారు, వాళ్ళకు తెలుసు. గోవా వాళ్ళు ఆ పండుతోనే ఫెనీ కాచి పేరు తెచ్చుకున్నారు. పక్కనే పందిరిమామిడిలో ఉద్యాన పరిశోధనా స్థానం ఉంది, తాటి మీద, జీలుగు మీద పనిచేస్తోంది. ఆ వగరు విరిచే పద్ధతి అంగన్‌వాడీ అక్కలకు నేర్పించమని వాళ్ళను అడగాలి. అడిగే హక్కు మనకుంది.

చివరిగా కొన్ని పనులు. పిల్లవాడు కడుపునొప్పి, మలబద్ధకం, చదువులో వెనకబాటు అంటూ వస్తే, ఇంట్లో సీసం పని ఉందేమో అడగండి, రక్తపరీక్షకు రాయించండి. పరీక్షలో 5 మైక్రోగ్రాములు దాటితే ఆ సీసం ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలి. 45కు చేరితే పెద్దాసుపత్రి, అక్కడ సీసాన్ని పట్టి లాగే మందులున్నాయి. ఆ దశలో జ్యూసులు, పొడులు అంటూ రోజులు పోగొట్టకండి. వలగుండ్లు కరిగించే పొయ్యి ఇంటికి దూరంగా పెట్టించండి. చింతపండు, ఉసిరి కాటాకు వేసే ముందు ఏడాదికి సరిపడా ఇంట్లో ఉంచుకోమని ప్రతి ఇల్లాలికీ చెప్పండి.

హాస్టల్ వార్డెన్లు ఈ సభలో ఉన్నారు. మెనూలో పండు ఉంటే దాన్ని సాయంత్రం స్నాక్స్‌కు దాచకండి, మధ్యాహ్నం పప్పన్నం కంచంలోనే పెట్టించండి. దీనికి కొత్త జీవో అక్కర్లేదు, రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.